తాడు, నీళ్లు, తిరుగు దారి!

ఎర్రటి ఇసుక. అందులోంచి నిట్టనిలువుగా లేచిన కొండలు. కనుచూపు మేర చెట్టూ లేదు, చేమా లేదు. సినిమా వాళ్లకి అంగారక గ్రహం కావాల్సి వస్తే ముందు గుర్తొచ్చేది ఈ ఎడారే. కొండలెక్కే వాళ్లకేమో ఇదో స్వర్గం. అదే జోర్డాన్‌లోని వాదీ రమ్. కానీ ఇక్కడ కొండ ఎక్కడం రెండో పని. మొదటి పని... ఇంటి దగ్గరే కూర్చుని చేయాల్సిన ఏర్పాట్లు!

* * *

వాదీ రమ్ పేరు తెలియకపోయినా, ఆ ఎడారిని తెరమీద చూడని వాళ్లు తక్కువే. 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో కొంత భాగం ఇక్కడ తీశారు. 2015 నాటి 'ది మార్షియన్'లో అంగారకుడిగా కనిపించింది ఈ నేలే. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే... 2024లో తెలుగులోనూ విడుదలైన మలయాళ చిత్రం 'ది గోట్ లైఫ్'. గల్ఫ్‌కి వెళ్లి ఎడారిలో గొర్రెల మంద దగ్గర చిక్కుకుపోయిన ఓ వలస కూలీ కథ అది. జగిత్యాల నుంచి కోనసీమ దాకా గల్ఫ్ ఉత్తరాల కోసం ఎదురుచూసిన ఇళ్లకి కొత్తగా చెప్పాల్సిన పన్లేని కథ. ఆ సినిమాలోని ఎడారి దృశ్యాలు చాలావరకు వాదీ రమ్‌వే. 2020 వసంతంలో షూటింగ్ జరుగుతుండగా కరోనా లాక్‌డౌన్ వచ్చిపడింది. హీరో పృథ్వీరాజ్, దర్శకుడు బ్లెస్సీతో సహా యాభై మందికి పైగా ఉన్న బృందం దాదాపు రెండు నెలలు అక్కడే ఉండిపోయి, మే నెలలో ప్రత్యేక విమానంలో కేరళ చేరింది.

పెద్ద యూనిట్ కాబట్టి అన్నం, నీళ్లు, మనుషులు అందుబాటులో ఉన్నారు. అదే నలుగురు స్నేహితులు తాడు భుజానేసుకుని వెళ్తే? ఎడారి ఎవరినీ ప్రత్యేకంగా చూడదు. అందుకే అక్కడికి తరచూ వెళ్లే వాళ్లు ఏ కొండ ఎక్కాలన్నదాని కంటే, ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎన్ని నీళ్లు మోయాలి, చీకటి పడితే ఏం చేయాలి అన్నదానికే ఎక్కువ సమయం ఇస్తారు.

ఏముందక్కడ?

జోర్డాన్ దక్షిణ కొసన, ఎర్ర సముద్రపు రేవు పట్నం అకాబాకి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది వాదీ రమ్. 'వాదీ' అంటే అరబ్బీలో లోయ. రాజధాని అమ్మాన్ నుంచైతే 300 కిలోమీటర్ల పైమాటే. సుమారు 740 చదరపు కిలోమీటర్ల ఈ రక్షిత ప్రాంతాన్ని 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రకృతి, సంస్కృతి... రెండు కారణాలతోనూ గుర్తింపు పొందిన కొద్ది ప్రదేశాల్లో ఇదొకటి. ఈ కొండల మీద 25 వేల దాకా రాతి చిత్రాలు, 20 వేల దాకా శాసనాలు ఉన్నాయని యునెస్కో లెక్క. ఇక్కడ మనుషులు తిరిగిన ఆనవాళ్లు 12 వేల ఏళ్ల నాటివి.

అడుగున నల్లరాయి, దానిమీద వందల మీటర్ల మందాన పేరుకున్న ఇసుకరాయి. గాలీ వానా కోట్ల ఏళ్లు చెక్కిన గోడలవి. రమ్ గ్రామానికి పడమట నిలబడ్డ జెబెల్ రమ్ ఎత్తు సముద్రమట్టానికి 1,754 మీటర్లు. 'జెబెల్' అంటే కొండ. ఊరి నుంచి చూస్తే తల వెనక్కి వాల్చాల్సిందే... దాదాపు 800 మీటర్లు పైకి లేస్తుంది మరి! సౌదీ సరిహద్దు దగ్గరున్న జెబెల్ ఉమ్ అద్ దామీ ఇంకో వంద మీటర్లు ఎక్కువ. 1,854 మీటర్లతో జోర్డాన్‌లో అదే ఎత్తయిన శిఖరం. విచిత్రమేమిటంటే, ఎక్కడానికి ఇది చాలా తేలిక. పొట్టిదైన జెబెల్ రమ్మే గట్టిది.

ఈ కొండలెక్కడం విదేశీయులు కనిపెట్టిన విద్య కాదు. కొండమేకల వేటకి బెడూయిన్లు తరతరాలుగా ఎక్కుతూనే ఉన్నారు. తాళ్లు లేవు, మేకులు లేవు. ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ దిగాలో తాతలు చెప్పిన గుర్తులే. 1984లో బ్రిటిష్ పర్వతారోహకుడు టోనీ హోవార్డ్, డై టేలర్ మరికొందరు మిత్రులతో కలిసి జోర్డాన్ పర్యాటక శాఖ అనుమతితో ఇక్కడికి వచ్చారు. స్థానిక బెడూయిన్ల వెంట తిరిగి ఆ దారులన్నీ రాసుకున్నారు. హోవార్డ్ రాసిన మార్గదర్శి పుస్తకం 1987లో వచ్చాక ప్రపంచం నలుమూలల నుంచీ కొండలెక్కేవాళ్లు రావడం మొదలైంది. ఇప్పటికీ ఎన్నో దారుల పేర్లు 'హమ్మద్ దారి', 'సబ్బా దారి' అంటూ ఆ వేటగాళ్ల పేర్లతోనే ఉంటాయి.

ఎప్పుడు వెళ్లాలి?

మార్చి నుంచి మే ఆరంభం దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరు. అంతే! వేసవిలో రాయి పెనంలా కాలుతుంది. మధ్యాహ్నం గోడకి ఆనుకోవడం కూడా కష్టం. డిసెంబరు, జనవరి నెలల్లో పగలు హాయిగానే ఉంటుంది కానీ, రాత్రి ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకి పడిపోతుంది. 'ఎడారి కదా, రగ్గెందుకు' అనుకుంటే తెల్లవార్లూ జాగారమే.

ఇంకో సంగతి, వాన. ఎడారిలో వానేమిటని నవ్వొద్దు. చలికాలంలో అరుదుగా పడినా, పడ్డప్పుడు ఇరుకు లోయల్లో ఒక్కసారిగా వరద ముంచెత్తుతుంది. మెరుపు వరదలంటే జోర్డాన్‌కి చేదు అనుభవమే ఉంది. 2018 అక్టోబరులో మృత సముద్రం దగ్గర వచ్చిన వరదలో స్కూలు పిల్లలతో సహా 20 మందికి పైగా కొట్టుకుపోయి చనిపోయారు. పైన ఆకాశం నీలంగా ఉన్నా, ఎక్కడో దూరాన కురిసిన వాన లోయలోకి దిగొచ్చు. కాబట్టి వాతావరణ సూచన చూడకుండా లోయల్లోకి వెళ్లకూడదు.

ప్రయాణం రంజాన్ నెలలో పడుతుందేమో కూడా క్యాలెండర్‌లో చూసుకోవాలి. పగటిపూట చాలా హోటళ్లు మూసేస్తారు. ఉపవాసంలో ఉన్న గైడుని మిట్టమధ్యాహ్నం కొండెక్కించడం న్యాయమూ కాదు.

వీసా, పాస్, విమానం

హైదరాబాద్ నుంచి అమ్మాన్‌కి వెళ్లాలంటే దుబాయ్, దోహా, అబుధాబీ లాంటి చోట విమానం మారడం మామూలు. టికెట్ తీసేటప్పుడు రెండు విమానాలకీ మధ్య కనీసం మూడు గంటల విరామం ఉండేలా చూసుకోవాలి. మనిషి పరిగెత్తి రెండో విమానం అందుకున్నా, తాళ్లున్న సంచి అందుకోకపోతే యాత్ర ఆగినట్టే!

భారతీయులకి అమ్మాన్ విమానాశ్రయంలో దిగాక వీసా ఇచ్చే పద్ధతి ఉంది. ఒక్కసారి ప్రవేశానికి రుసుము 40 దీనార్లు. జోర్డాన్ దీనార్ విలువ సుమారు 1.41 అమెరికన్ డాలర్లు. అంటే చూడ్డానికి చిన్న అంకెలే కానీ, రూపాయల్లోకి మార్చితే గుండె ఝల్లుమంటుంది. తిరుగు టికెట్టు, బస చేసే చోటు చిరునామా, ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేముందే ఢిల్లీలోని జోర్డాన్ రాయబార కార్యాలయం సమాచారం చూసుకోవడం మంచిది.

ఇక్కడే ఓ ఉపాయం ఉంది. దాని పేరు 'జోర్డాన్ పాస్'. దేశంలో అడుగుపెట్టక ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. ప్రాథమిక ధర 70 దీనార్లు. దేశంలో కనీసం మూడు రాత్రులు ఉంటే వీసా రుసుము మాఫీ. పెట్రా శిలానగరానికి ఒక రోజు ప్రవేశం, వాదీ రమ్ ప్రవేశం అందులోనే. విడివిడిగా లెక్కేస్తే? వీసాకి 40, పెట్రాకి 50, వాదీ రమ్‌కి 5... మొత్తం 95 దీనార్లు. పాస్ కొంటే మనిషికి 25 దీనార్లు మిగిలినట్టే. నలుగురు వెళ్తే వంద! అంత దూరం వెళ్లి పెట్రా చూడకుండా ఎవరూ రారు కాబట్టి ఈ లెక్క దాదాపు అందరికీ సరిపోతుంది.

మరొక జాగ్రత్త. ఆ ప్రాంతంలోని ఉద్రిక్తతల వల్ల 2024 ఏప్రిల్‌లో, 2025 జూన్‌లో జోర్డాన్ తన గగనతలాన్ని కొంతసేపు మూసేసింది. వాదీ రమ్‌లో అంతా ప్రశాంతంగానే ఉన్నా, విమానం ఎగరకపోతే చేసేదేముంది? బయలుదేరే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూడటం, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు కొనడం, తిరిగొచ్చాక ఒకట్రెండు రోజులు సెలవు చేతిలో ఉంచుకోవడం... ఈ మూడూ తప్పనిసరి.

ప్రయాణ బీమా కూడా అంతే. మామూలు పాలసీల్లో కొండలెక్కడం లాంటి సాహసక్రీడలకు మినహాయింపు ఉండటం సాధారణం. అంటే కాలు విరిగితే పైసా రాదు. 'తాళ్లతో రాక్ క్లైంబింగ్' వర్తిస్తుందా, గాయపడిన మనిషిని ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తారా అన్నది పాలసీ పత్రంలో చదివాకే డబ్బు కట్టాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

దారి ఎటు?

అమ్మాన్‌లో దిగాక దక్షిణానికి పోయే 'డెజర్ట్ హైవే' పట్టుకుంటే కారులో నాలుగు గంటల ప్రయాణం. క్వీన్ ఆలియా విమానాశ్రయం ఊరికి దక్షిణాన ఉంది కాబట్టి అమ్మాన్ నగరంలోకి వెళ్లకుండానే దారి పట్టొచ్చు. అకాబాకి ఇంకా 40 కిలోమీటర్లు ఉందనగా ఎడమవైపు చీలే రోడ్డు వాదీ రమ్‌కి తీసుకెళ్తుంది. బస్సులో వెళ్లాలంటే అమ్మాన్ నుంచి అకాబాకి ఏసీ బస్సులున్నాయి. అకాబా నుంచి రమ్‌కి టాక్సీ. అకాబా నుంచి, పెట్రా పక్కనున్న వాదీ మూసా ఊరి నుంచి రమ్‌కి నడిచే బస్సులు బహు తక్కువ. శుక్రవారం సెలవు రోజు కాబట్టి ఇంకా తక్కువ. ముందురోజు కనుక్కోకుండా వాటిమీద భరోసా పెట్టుకోకూడదు.

అద్దె కారు తీసుకుంటే ఓ ముచ్చట గుర్తుంచుకోవాలి. మన దగ్గర కారు ఎడమవైపు నడుస్తుంది, అక్కడ కుడివైపు. రాత్రంతా విమానంలో కూర్చుని దిగీ దిగగానే స్టీరింగ్ పట్టుకోవడం కంటే, మొదటి రాత్రి పడుకుని పొద్దున్నే బయలుదేరడం మేలు. హైవే మీద చీకట్లో ఒంటెలు కూడా అడ్డొస్తాయి!

రమ్ గ్రామానికి 7 కిలోమీటర్ల ముందే సందర్శకుల కేంద్రం వస్తుంది. పాస్ చూపించాల్సింది, పేర్లు రాయించాల్సింది అక్కడే. తారురోడ్డు గ్రామంతో సరి. ఆ తర్వాత అంతా ఇసుకే. అద్దె కారు ఊళ్లోనే ఆపేసి, స్థానిక బెడూయిన్ల జీపులో వెళ్లాలి. చాలాచోట్ల రేటు మనిషికి కాదు, బండికి. నలుగురైదుగురు కలిస్తే చవకే. ఎక్కడ దింపాలి, తిరిగి ఎన్నింటికి రావాలి, ఎంత ఇవ్వాలి... బండి ఎక్కకముందే మాట్లాడుకోవాలి. వీలైతే కాగితం మీద రాసుకోవాలి.

బస ఎక్కడ?

ఫొటోల్లో గాజు గుడారాలు, నక్షత్రాల కింద మంచాలు చూసి ఎడారి లోపలి క్యాంపులు బుక్ చేసేస్తారు చాలామంది. పర్యాటకులకి అది బాగానే ఉంటుంది. కొండెక్కేవాళ్లకి మాత్రం చిక్కే. క్యాంపు ఊరికి పది కిలోమీటర్ల అవతల ఉంటే, రోజూ పొద్దున జీపు కోసం ఎదురుచూడాలి. సాయంత్రం ఆలస్యమైతే జీపు వాడు ఎదురుచూడాలి. జెబెల్ రమ్ తూర్పు గోడ మీది దారులకి గ్రామం నుంచి నడిచే పోవచ్చు. అందుకే ఊళ్లోని బెడూయిన్ ఇళ్లలోనో, గ్రామం మొదట్లోనే ఉన్న రెస్ట్‌హౌస్ ఆవరణలో గుడారం వేసుకునో ఉండటం కొండెక్కేవాళ్ల పాత అలవాటు. చివరి రెండు రాత్రులు ఎడారి క్యాంపుకి మారితే సరదా తీరుతుంది, పనీ చెడదు.

భోజనానికి బెంగక్కర్లేదు. 'జర్బ్' అక్కడి ప్రత్యేకం. ఇసుకలో గొయ్యి తీసి, నిప్పుల మీద మాంసం, కూరగాయలు పెట్టి మూత వేసి, పైన ఇసుక కప్పి వండుతారు. శాకాహారులకి హమ్మస్, ఫలాఫెల్, పప్పు సూపు, రొట్టెలు దొరుకుతాయి. కారం లేకుండా ముద్ద దిగని వాళ్లు మాత్రం ఓ చిన్న ఆవకాయ సీసా, కాస్త కందిపొడి పట్టుకెళ్లాల్సిందే. సీసా చెక్-ఇన్ సామానులోనే... చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో వదిలేసుకోవాల్సి వస్తుంది!

సంచిలో ఏముండాలి?

వాదీ రమ్‌లో తాళ్లు, హార్నెస్‌లు అద్దెకిచ్చే పెద్ద దుకాణాలుంటాయని అనుకోవద్దు. గైడుతో ముందే మాట్లాడుకుంటే ఆయన తెస్తాడు. లేదంటే అన్నీ ఇక్కడి నుంచే మోసుకెళ్లాలి.

* 60 మీటర్ల తాళ్లు రెండు. మామూలు మందం తాడు ఒక్కోటి మూడున్నర నుంచి నాలుగు కిలోల బరువుంటుంది. దిగేటప్పుడు రెంటినీ ముడేసి దిగాలి కాబట్టి ఒకటి చాలదు.
* హెల్మెట్, హార్నెస్, కారబైనర్లు, పగుళ్లలో బిగించే క్యామ్‌లు. ఇక్కడ చాలా దారుల్లో ముందే కొట్టిన మేకులుండవు. ఎవరి రక్షణ వాళ్లే అమర్చుకోవాలి.
* తలకి కట్టుకునే లైటు మనిషికొకటి. వాటికి అదనపు బ్యాటరీలు.
* గీసుకుపోయిన చేతులకి ప్లాస్టర్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, రోజూ వాడే మందులు డాక్టర్ చీటీతో సహా.
* ఎండకి టోపీ, పొడవు చేతుల చొక్కా. రాత్రికి స్వెటర్, మందపాటి స్లీపింగ్ బ్యాగు.

ఇనుప సామానంతా చెక్-ఇన్ పెట్టెలోకే. కారబైనర్ల గుత్తి చూస్తే భద్రతా సిబ్బంది చేతి సంచిలో ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. పవర్ బ్యాంకులు మాత్రం అందుకు వ్యతిరేకం, చేతి సంచిలోనే ఉండాలి. స్టవ్ గ్యాస్ డబ్బాలు ఏ సంచిలోనూ కుదరవు. చేతులకి రాసుకునే తెల్లటి చాక్ పొడి అసలు ప్యాకెట్‌లోనే ఉంచితే 'ఇదేమిటి' అన్న ప్రశ్న తగ్గుతుంది. డ్రోన్ ఇంట్లో వదిలేయాలి, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే అమ్మాన్‌లో పట్టేసుకుంటారు. దారిలో చవగ్గా దొరికాయని శాటిలైట్ ఫోన్లు కొనుక్కోవడం ఇంకా ప్రమాదం. అనుమతి లేకుండా వాటిని భారత్‌లోకి తేవడం నేరం.

నీళ్ల లెక్క

కొండెక్కే రోజున మనిషికి నాలుగు నుంచి ఐదు లీటర్లు. ఇది తాగడానికే. నలుగురు మూడు రోజులు ఊరికి దూరంగా గుడారం వేస్తే 60 లీటర్లు, అంటే 60 కిలోలు! వీపు మీద మోసే బరువు కాదది. కాబట్టి జీపులో వేసి గుడారం దగ్గర దించాలి, అందులోంచి పొద్దున్నే ఆ రోజుకి సరిపడా నింపుకోవాలి. దారిలో ఊట కనిపిస్తుందిలే అన్న ఆశ పనికిరాదు. కొన్ని ఊటలున్నా, ఏది ఎప్పుడు ఎండిపోతుందో అక్కడివాళ్లకే తెలుసు.

వింతేమిటంటే, ఆ ఇసుక కింద బోలెడన్ని నీళ్లున్నాయి. పక్కనున్న దీసీ ప్రాంతంలో భూగర్భాన వేల ఏళ్ల నాటి నీటి నిల్వ ఉంది. 2013 నుంచి ఆ నీటిని సుమారు 325 కిలోమీటర్ల పొడవైన గొట్టాల ద్వారా అమ్మాన్‌కి పంపుతున్నారు. వానలతో మళ్లీ నిండే నీరు కాదది, తోడేకొద్దీ తరిగిపోయేదే. ప్రపంచంలో నీటి కరువు ఎక్కువగా ఉన్న దేశాల్లో జోర్డాన్ ఒకటి. అందుకే బసలో బకెట్ల కొద్దీ స్నానాలు చేయడం కంటే, తడి గుడ్డతో ఒళ్లు తుడుచుకునే వాళ్లనే అక్కడ మర్యాదస్థులుగా చూస్తారు.

భువనగిరి రాయి వేరు

తెలుగు నేల మీద రాక్ క్లైంబింగ్ అనగానే గుర్తొచ్చేది భువనగిరి కోట. 2014 మేలో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చింది ఆ ఏకశిల మీదే. అలాంటి చోట సాధన చేసినవాళ్లకి ధైర్యం ఉంటుంది, చేతుల్లో బలమూ ఉంటుంది. కానీ భువనగిరిది నల్లరాయి. గట్టిది. వానపడి ఆరితే మళ్లీ ఎప్పటిలాగే ఉంటుంది.

ఇసుకరాయి అలా కాదు. పైన గట్టి పెచ్చు, లోపల మెత్తదనం. కొన్నిచోట్ల పట్టుకున్న అంచు బిస్కెట్‌లా విరిగి చేతిలోకి వస్తుంది. వాన పడితే నీరు పీల్చుకుని ఇంకా బలహీనపడుతుంది. అందుకే వాన వెలిశాక కనీసం ఒకట్రెండు రోజులు ఆగి, రాయి లోపలి దాకా ఆరాకే ఎక్కాలి. చూడ్డానికి పైన ఆరినట్టే ఉంటుంది, అదే మోసం. 'ఇంత ఖర్చు పెట్టుకొచ్చాం, ఒక్కరోజు కూడా పోగొట్టుకోలేం' అన్న తొందరే ఇక్కడ అసలు శత్రువు. ఆ తొందర రాకుండా ఉండాలంటే ముందే ప్రణాళికలో రెండు ఖాళీ రోజులు పెట్టుకోవాలి. వాన పడకపోతే పెట్రాకి పోవచ్చు, ఖజాలీ ఇరుకు లోయలో రాతి చిత్రాలు చూడొచ్చు.

ఇంట్లో సాధన చేసినవాళ్లయినా మొదటి రెండు రోజులు స్థానిక గైడుతో తేలిక దారులే ఎక్కడం మంచిది. జెబెల్ బుర్దా మీద 35 మీటర్ల ఎత్తున వేలాడే రాతి వంతెన అలాంటి తొలి గమ్యం. చాలావరకు నడక, చేతులూ కాళ్లూ కలిపి పాకడం. ఒకట్రెండు చోట్ల మాత్రం తాడు అవసరం.

ఎక్కడం సగమే!

వాదీ రమ్‌లో చిక్కుల్లో పడేది పైకి వెళ్లేటప్పుడు కాదు, కిందికి దిగేటప్పుడు. జెబెల్ రమ్ పైభాగం ఒక్క శిఖరం కాదు. గుమ్మటాలు, గుంతలు, చీలికలు కలిసిన చిక్కుముడి. ఎక్కిన దారి వెనక్కి తిరిగి చూస్తే మరోలా ఉంటుంది. చిన్న రాళ్లు పేర్చిన గుర్తులు దారి చూపిస్తాయి, కానీ ఎవరో తప్పిపోయినవాళ్లు పేర్చిన గుర్తులు కూడా వాటిలో ఉండొచ్చు!

డిసెంబరులో సూర్యుడు సాయంత్రం 5.40 ప్రాంతంలోనే అస్తమిస్తాడు. తెలవారుతూనే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా సరే వెనుదిరగాలన్న నియమం పెట్టుకోవాలి. 'ఇంకో అరగంటలో శిఖరం' అనే మాటకి ఆ నియమం లొంగకూడదు. చీకటి పడితే తెలియని గోడ మీద దిగే సాహసం వద్దు. వెచ్చని బట్టలు, కాసిన్ని నీళ్లు ఉంటే రాత్రి పైనే గడిపి, వెలుగొచ్చాక దిగడమే క్షేమం. అందుకే ఒకపూట దారికి కూడా సంచిలో స్వెటర్, అదనంగా ఓ లీటరు నీళ్లు ఉంటాయి, అనుభవం ఉన్నవాళ్ల దగ్గర.

ఊళ్లో ఫోన్ పనిచేస్తుంది. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది. జోర్డాన్ అత్యవసర నంబర్ 911. కానీ ఫోన్ చేసిన నిమిషాల్లో హెలికాప్టర్ వచ్చి వాలుతుందని అనుకోకూడదు. ఆ కొండల మీద ఎవరు ఎక్కడ చిక్కుకుని ఉంటారో ఊహించగలిగేది, ముందుగా అక్కడికి చేరగలిగేది రమ్ గ్రామంలోని బెడూయిన్లే.

గడప దాటేటప్పుడు...

అందుకే వాళ్లతో మర్యాద కూడా ఏర్పాట్లలో ఒక భాగం. రమ్ గ్రామంలో ఎక్కువమంది జలాబియా తెగవాళ్లు. ఒంటెలు, మేకల మీద బతికిన కుటుంబాలకి ఇప్పుడు పర్యాటకమే ప్రధాన ఆధారం. యుద్ధ వార్త ఒకటి వస్తే చాలు, బుకింగులన్నీ రద్దవుతాయి. జీపు కిస్తీ మాత్రం ఆగదు. అకాబాలోనో అమ్మాన్‌లోనో దళారీకి మొత్తం సొమ్ము కట్టేకంటే, ఊళ్లోవాళ్లతో నేరుగా మాట్లాడుకుంటే డబ్బు చేరాల్సిన చేతికే చేరుతుంది. చేతిలో నగదు ఉండేలా అకాబాలోనే మార్చుకోవాలి.

గుడారంలోకి పిలిచి చిన్న కప్పులో కాఫీ పోస్తారు. తాగడం అయ్యాక కప్పు మామూలుగా చాపితే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే కప్పుని కాస్త అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఆడవాళ్ల ఫొటోలు అడక్కుండా తీయకూడదు. ఊళ్లో నిక్కర్లు, బనియన్లతో తిరగకూడదు. రాతి చిత్రాల మీద చేతులు పెట్టకూడదు, వాటి పక్కన పేర్లు చెక్కాలన్న ఆలోచనే రాకూడదు. సొంతంగా కొండలో మేకులు దిగ్గొట్టకూడదు. ఖాళీ సీసాలన్నీ తిరిగి జీపులో పడాలి.

వారం రోజుల లెక్క

ఎనిమిది రోజులు చేతిలో ఉంటే యాత్ర ఇలా సర్దుకోవచ్చు. మొదటి రోజు ప్రయాణం, అమ్మాన్‌లో పడక. రెండో రోజు రోడ్డు మీద రమ్ చేరిక, గైడుతో మాటలు. మూడో రోజు బుర్దా వంతెన. నాలుగు, ఐదు రోజుల్లో తాళ్లతో పెద్ద దారులు. ఆరో రోజు ఖాళీ... వానకో, ఒళ్లు నొప్పులకో. ఏడో రోజు వంద కిలోమీటర్ల అవతలున్న పెట్రా. ఎనిమిదో రోజు అమ్మాన్ చేరి విమానం. మన గడియారం కంటే అక్కడ రెండున్నర గంటలు వెనక. ఇంటికి ఫోన్ చేసే వేళ ముందే చెప్పుకుంటే అమ్మానాన్నలకి కంగారుండదు.

అన్నింటికంటే చివర చేయాల్సిన ఏర్పాటు మాత్రం పైసా ఖర్చులేనిది. బస చేసిన ఇంటి పెద్దకి రోజూ పొద్దున్నే ఒక కాగితం ఇవ్వాలి. ఏ కొండ, ఏ దారి, ఎందరు, ఎన్నింటికి దిగుతాం, ఎన్నింటికల్లా రాకపోతే వెతకాలి... ఐదు ముక్కలు. అన్నీ సవ్యంగా జరిగితే సాయంత్రం ఆయన ఆ కాగితాన్నే పొయ్యిలో వేసి టీ కాస్తాడు. లేదంటే, అంత పెద్ద ఎడారిలో మనం ఎక్కడున్నామో తెలిసిన మనిషి ఆయనొక్కడే అవుతాడు.